జిల్లా బోర్డు నుంచి ఢిల్లీ దాకా: కాసు బ్రహ్మానందరెడ్డి రాజకీయం ఎక్కడ గెలిచింది, ఎక్కడ చేతులెత్తేసింది

1975 జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు కేంద్ర హోంమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. రెండున్నరేళ్లు గడిచాక, 1978 జనవరి మొదటి వారంలో, ఇందిరాగాంధీని కాంగ్రెస్ నుంచి బహిష్కరించిన పార్టీ అధ్యక్షుడూ ఆయనే. మరో రెండేళ్లకు ఆమె పార్టీ తరఫునే నరసరావుపేట నుంచి మళ్లీ లోక్‌సభకు వెళ్లారు. ఈ మూడూ ఒకే మనిషి చేసిన పనులంటే ఇప్పటి పాఠకుడికి నమ్మబుద్ధి కాదు. అవకాశవాదం అని ఒక వర్గం తీసిపారేస్తుంది. మెతకమనిషి, పరిస్థితులకు తలొగ్గాడు అని ఇంకో వర్గం సర్దిచెబుతుంది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, వాటితో ఆయన ఏడున్నరేళ్ల ముఖ్యమంత్రి పదవికి కారణం తెలియదు. అంతకాలం నిలబడటం మెతకమనిషి వల్ల అయ్యే పని కాదు. ఒట్టి అవకాశవాదిని మిగతా నాయకులు అంతకాలం మోయరు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ఢిల్లీ నుంచి కాకుండా గుంటూరు జిల్లా నుంచి మొదలుపెట్టాలి. బ్రహ్మానందరెడ్డి రాజకీయం నేర్చుకున్నది జిల్లా బోర్డులో, అంటే తర్వాతి జిల్లా పరిషత్‌కు ముందున్న సంస్థలో. ఎవరిని ఏ కుర్చీలో కూర్చోబెడితే ఎవరు మనవైపు ఉంటారన్న లెక్క అక్కడ అబ్బింది. ఆ లెక్క పనిచేసినంతకాలం ఆయనకు తిరుగులేదు. ప్రజలు కుర్చీల్లో ఉన్నవాళ్లను దాటుకుని నేరుగా వీధిలోకి వచ్చిన ప్రతిసారీ ఆయన తడబడ్డారు. 1966లో అదే జరిగింది, 1969లో అదే, 1978లోనూ అదే.

మెట్ట నుంచి వచ్చిన నాయకుడు

1909 జూలై 28న నరసరావుపేట ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసులో చదువుకున్నారు, న్యాయశాస్త్రం చదివి వకీలయ్యారు. టంగుటూరి ప్రకాశం ప్రభావంతో కాంగ్రెస్‌లోకి వచ్చారు. 1930ల్లో జిల్లా బోర్డు, 1946లో మద్రాసు శాసనసభ. ఈ మెట్లన్నీ ఆ తరం కాంగ్రెస్ నాయకులు చాలామంది ఎక్కినవే. ఆయన విషయంలో ఆలోచించాల్సింది జిల్లాలో ఆయన నిలబడిన చోటు గురించి.

ఉమ్మడి గుంటూరు జిల్లా అంటే పేరుకు ఒక జిల్లా, నిజానికి రెండు. తూర్పున తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కృష్ణా పశ్చిమ డెల్టా. పందొమ్మిదో శతాబ్దం నడిమికే బెజవాడ ఆనకట్ట కింద కాలువ నీళ్లు పారిన మాగాణి. చదువు, వ్యాపారం, సంఘాలు, పత్రికలు అన్నీ అక్కడ ముందుగా మొలిచాయి. నిడుబ్రోలు నుంచి ఆచార్య ఎన్.జి. రంగా రైతు ఉద్యమం నడిపింది ఈ నేల మీదే, కమ్యూనిస్టులు బలపడింది కూడా ఇక్కడే. పడమర నరసరావుపేట, వినుకొండ, గురజాల, మాచర్ల వైపు మెట్ట, పల్నాడు. వాన పడితే పంట, లేకపోతే అప్పు. జొన్న, వేరుశనగ, మిర్చి, పత్తి.

బ్రహ్మానందరెడ్డి ఈ పడమటి వైపు మనిషి. జిల్లాలో ధనం, సంఖ్య, గొంతు ఎక్కువగా ఉన్నది తూర్పున, అదీ ఎక్కువగా కమ్మ రైతుల చేతుల్లో. మెట్ట నుంచి వచ్చిన ఒక రెడ్డి నాయకుడు ఈ జిల్లాలో తన కులం ఓట్లతోనో తన ప్రాంతం ఓట్లతోనో నెగ్గుకురావడం కుదరని పని. అవతలి గట్టులో చీలికలు ఎక్కడున్నాయో చూసుకోవాలి, డెల్టాలో తనకు మనుషులుండాలి, రంగా వర్గానికి దూరమైనవాళ్లను చేరదీయాలి, వైశ్య, బ్రాహ్మణ, ముస్లిం నాయకులతో సఖ్యంగా ఉండాలి. సర్దుబాటు అనేది ఆయన స్వభావమని చాలామంది రాశారు. స్వభావం మాట ఎలా ఉన్నా, ఈ జిల్లాలో అది లేకపోతే ఆయనకు బతుకు లేదు.

1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు ఈ సర్దుబాటు రాజకీయానికి పెద్ద విజయం తెచ్చాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారని దేశమంతా ఎదురుచూసిన ఎన్నికలవి. కాంగ్రెస్, రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ చేతులు కలిపాయి. 196 స్థానాల్లో ఈ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. ఎవరి వర్గం వాళ్లదే అయినా ఎన్నికల నాటికి అందరినీ ఒక గొడుగు కిందకు తేగలిగితే చాలన్న పాఠం ఆ తరం నాయకులకు బాగా ఎక్కింది. బ్రహ్మానందరెడ్డికి మరీ ఎక్కువగా ఎక్కింది. 1956 తర్వాత మంత్రివర్గాల్లో ఆర్థిక శాఖ వంటివి చూస్తూ, ఎవరికి ఏం కావాలో అంకెలతో సహా తెలిసిన మంత్రి అయ్యారు.

సమితి ప్రెసిడెంటు ఎందుకంత ముఖ్యం

1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వచ్చింది. రాజస్థాన్ తర్వాత దేశంలో రెండో రాష్ట్రం మనదే. జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు, వాటి కింద కొన్ని ఊళ్లకు కలిపి ఒక్కో పంచాయతీ సమితి. ఈ మార్పు గురించి పుస్తకాల్లో గ్రామ స్వరాజ్యం, అధికార వికేంద్రీకరణ అని రాస్తారు. ఊళ్లో అది ఎలా పనిచేసిందో కొంచెం దగ్గరగా చూడాలి.

ప్రాథమిక పాఠశాలల టీచర్లు సమితి కింద ఉండేవారు. ఒక టీచరు సొంతూరికి దగ్గర్లో పనిచేస్తాడా, ముప్పై మైళ్ల అవతల పల్లెకు పోతాడా అన్నది సమితి ప్రెసిడెంటు మాట మీద ఆధారపడేది. ఊరికి రోడ్డు వేయాలంటే, మంచినీళ్ల బావి తవ్వాలంటే సమితి నిధులే దిక్కు, ఆ పని కాంట్రాక్టు ఎవరికన్నదీ అక్కడే తేలేది. మేలురకం విత్తనాలు, ఎరువులు వచ్చేదీ ఆ దారిలోనే. సహకార బ్యాంకు అప్పు వేరే సంస్థది అయినా, దాని డైరెక్టర్లు, సమితిలో కూర్చున్నవాళ్లు చాలాచోట్ల ఒకే ఇళ్లవాళ్లు. టీచరు అంటే ఊళ్లో చదువుకున్న ఒకే ఒక్క మనిషి, నలుగురూ మాట వినే మనిషి. అతని బదిలీ చేతిలో ఉన్న నాయకుడికి ఆ ఊరి ఓటు సగం చేతిలో ఉన్నట్టే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. సమితి ప్రెసిడెంటును జనం నేరుగా ఎన్నుకునేవారు కాదు. సమితి పరిధిలోని సర్పంచులు, కోఆప్షన్ సభ్యులు (జనం ఓటుతో కాకుండా సమితిలోకి చేర్చుకున్నవాళ్లు) ఎన్నుకునేవారు. జిల్లా పరిషత్ చైర్మన్ ఎన్నిక సమితి ప్రెసిడెంట్లు, ఎమ్మెల్యేల వంటివారి చేతుల్లో ఉండేది. అంటే జిల్లా మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి లక్షల మందిని ఒప్పించాల్సిన పనిలేదు. కొన్ని పదుల మంది చాలు. వాళ్లకు ఏం కావాలి, ఎవరితో ఎవరికి పడదు, ఎవరి కూతుర్ని ఎవరింట్లో ఇచ్చారు, ఎవరి పొలం గట్టు తగాదా ఏ కోర్టులో ఉంది, ఇవన్నీ తెలిసిన మనిషికి ఇది కొట్టినపిండి. క్యాంపు రాజకీయాలు అని ఈరోజు పేపర్లు రాసే వ్యవహారానికి పునాది పడింది ఆ కాలంలోనే.

1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఫిబ్రవరి 29న బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవరెడ్డికి ఢిల్లీలో పలుకుబడి ఉంది, ప్రజల్లో పేరుంది. బ్రహ్మానందరెడ్డికి ఆ రెండూ అంతగా లేవు. ఆయనకున్నది జిల్లా జిల్లాలో ఫోన్ ఎత్తి పేరుపెట్టి పిలవగల సమితి ప్రెసిడెంట్లు, జిల్లా పరిషత్ చైర్మన్లు, సహకార బ్యాంకు అధ్యక్షులు. 1967 ఎన్నికల్లో దేశంలో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ కుప్పకూలింది. తమిళనాట డీఎంకే గెలిచింది, ఉత్తరాదిన సంయుక్త ప్రభుత్వాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 287 స్థానాల్లో 165 కాంగ్రెస్‌కే దక్కాయి. కమ్యూనిస్టులు 1964లో చీలిపోవడం అందుకు ఒక కారణం. ఆ వ్యతిరేక గాలిలోనూ నియోజకవర్గం నియోజకవర్గానికీ లెక్క తప్పకుండా మనుషులు నిలబడి ఉండటం రెండో కారణం. ఉమ్మడి రాష్ట్రంలో 1995లో చంద్రబాబునాయుడు వచ్చి ఎనిమిదిన్నరేళ్లు చేసేదాకా, ఏకబిగిన ఇంతకాలం ముఖ్యమంత్రిగా ఉన్నవాళ్లు ఇంకొకరు లేరు. గుంటూరు జిల్లాతో ముడిపడిన మిగతా ముగ్గురు ముఖ్యమంత్రులు భవనం వెంకట్రామిరెడ్డి, నాదెండ్ల భాస్కరరావు, కొణిజేటి రోశయ్య. వాళ్ల ముగ్గురి పదవీకాలం కలిపినా రెండేళ్లు నిండదు.

సొంత జిల్లాకు ఆయన కాలంలో జరిగినవాటిలో ముందు చెప్పాల్సింది సాగర్ నీళ్లు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ మెట్ట గుంటూరు బతుకును తిప్పేసింది. వాన కోసం ఆకాశం వైపు చూసిన నరసరావుపేట, సత్తెనపల్లి పొలాల్లో వరి వచ్చింది. ప్రాజెక్టు ఆయన ఒక్కడిది కాదు, ముందు ఎందరో శ్రమపడ్డారు. అయినా మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన ముఖ్యమంత్రి హయాంలోనే మెట్టకు నీళ్లు రావడం అక్కడి జనం మరిచిపోలేదు. ఆ కాలంలోనే, 1967లో, నల్లపాడులో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ సెంటర్ మొదలైంది. అదే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం అయింది. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, తర్వాత దానికి ప్రకాశం పేరు పెట్టారు.

ఉక్కు, ఆ తర్వాత తెలంగాణ

విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టవచ్చని నిపుణుల బృందం తేల్చినా కేంద్రం నాన్చింది. ఆంధ్రులంతా రగిలిపోయారు. గుంటూరు జిల్లాకు చెందిన తమనంపల్లి అమృతరావు 1966 అక్టోబర్ 15న విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం విజయవాడ, గుంటూరు సహా కోస్తా అంతటా మారుమోగింది. కాలేజీలు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి. రాష్ట్ర అవతరణ దినమైన నవంబర్ 1నే విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి.

ఈ ఉద్యమంలో ముఖ్యమంత్రి ఇరుకున పడ్డారు. కోరిక న్యాయమైనదే, ఆయన ప్రభుత్వమూ అదే కోరుతోంది. కానీ వీధిలో ఉన్న విద్యార్థికి ఇవ్వడానికి ఆయన దగ్గర ఏ పదవీ లేదు, ఏ కాంట్రాక్టూ లేదు. మాట్లాడి సర్దడానికి అటువైపు ఒక నాయకుడు లేడు, ఉన్నా ఆ నాయకుడి మాట జనం వినే స్థితి లేదు. ప్రధాని పేరుతో వచ్చిన హామీ మీద దీక్ష విరమింపజేయడంతో గండం గడిచింది. ఫ్యాక్టరీ ప్రకటన 1970 ఏప్రిల్‌లో వచ్చింది, శంకుస్థాపన 1971 జనవరిలో జరిగింది. ఆలస్యంగానైనా సాధించారని అభిమానులు అంటారు. ఆ ఘనతలో పెద్ద వాటా వీధిలో నిలబడ్డవాళ్లదే అనడం న్యాయం.

1969 అంత తేలిగ్గా గడవలేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఇచ్చిన హామీలు అమలు కావడంలేదన్న బాధ పాతదే. తెలంగాణ మిగులు నిధులు కోస్తాకు తరలిపోతున్నాయి, స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ముల్కీ నిబంధనలను తోసిరాజని ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయి అన్నవి రెండు ప్రధాన ఫిర్యాదులు. జనవరిలో ఖమ్మం జిల్లా కొత్తగూడెం, పాల్వంచల వైపు మొదలైన ఆందోళన వారాల్లో హైదరాబాద్ చేరింది. జనవరి 19న అఖిలపక్ష నాయకులను కూర్చోబెట్టి ముఖ్యమంత్రి ఒప్పందం కుదిర్చారు. రెండు రోజుల్లో జీవో 36 ఇచ్చారు. నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణలో నియమితులైన ఆంధ్ర ఉద్యోగులను ఫిబ్రవరి నెలాఖరులోగా వెనక్కి పంపాలన్నది దాని సారం.

జీవో 36ను పరిశీలిస్తే బ్రహ్మానందరెడ్డి పద్ధతి మొత్తం కళ్లకు కడుతుంది. నాయకులందరూ సంతకం పెట్టారు కాబట్టి సమస్య తీరిపోయిందని అనుకున్నారు. ఉద్యోగుల ఇళ్లల్లో ఆ జీవో ఏం అలజడి రేపుతుందో, విద్యార్థులు ఆ ఒప్పందాన్ని ఒప్పుకుంటారో లేదో ఎవరూ చూడలేదు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న గుంటూరు, కృష్ణా జిల్లాల ఉద్యోగుల కుటుంబాలు టెన్షన్‌తో కాలం గడిపాయి. కోస్తాలో ఎదురు ఆందోళన లేచింది. తెలంగాణ విద్యార్థులు ఇది చాలదని, రాష్ట్రమే విడిపోవాలని బయల్దేరారు. వ్యవహారం కోర్టులకెక్కి, మార్చిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, స్థానికత నిబంధన చెల్లదన్న తీర్పుతో ముగిసింది. ఒకే కాగితంతో రెండు ప్రాంతాలూ కోపగించుకున్నాయి.

ఆ తర్వాత కాల్పులు, జైళ్లు. ఆనాటి కాల్పుల్లో 369 మంది చనిపోయారన్నది తెలంగాణ ఉద్యమకారులు చెప్పే లెక్క. అధికారిక అంకెలు అందుకు చాలా తక్కువ. అంకె ఏదైనా, అంతమంది యువకుల ప్రాణాలు పోయిన ఏడాదిలో ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్న మనిషి మీద ఆ బాధ్యత ఉంటుంది. తెలంగాణలో ఆయన పేరు చెబితే ఈనాటికీ మొదట గుర్తొచ్చేది అదే, అది అన్యాయమైన జ్ఞాపకమేమీ కాదు. గుంటూరు వైపు ఆయన గురించి రాసేవాళ్లు ఈ అధ్యాయాన్ని నాలుగు వాక్యాల్లో దాటేస్తుంటారు. అలా దాటేస్తే ఆయన రాజకీయం సగమే అర్థమవుతుంది.

అప్పటికీ ఆయన వెతికింది పదవుల్లోనే పరిష్కారం. తెలంగాణ నేత జె.వి. నర్సింగరావు ఆయన మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి. తెలంగాణ శాసనసభ్యులతో ఏర్పడిన ప్రాంతీయ సంఘానికి అధికారాలు పెంచుతామన్నారు. ఇవేవీ ఉస్మానియా విద్యార్థికి తగల్లేదు. ఎన్నికల కేసులో అనర్హత వేటు పడి ఖాళీగా ఉన్న మర్రి చెన్నారెడ్డి ఈ ఉద్యమంలోకి వచ్చి తెలంగాణ ప్రజా సమితికి నాయకుడయ్యారు. 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ప్రజా సమితి గెలుచుకుంది.

ఆ ఎన్నికల్లో దేశమంతా ఇందిర గాలి వీచింది. రాష్ట్ర నాయకుల మీద, సమితి ప్రెసిడెంట్ల మీద ఆధారపడకుండా పేదల ఓటును నేరుగా అడిగి గెలవవచ్చని ఆమెకు అర్థమైంది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు బ్రహ్మానందరెడ్డి ఆమె వైపే నిలిచారు. అయినా గెలిచిన తర్వాత సొంత బలగం ఉన్న ముఖ్యమంత్రి ఆమెకు అక్కర్లేకపోయాడు. ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోవడం, బ్రహ్మానందరెడ్డి దిగిపోవడం రెండూ 1971 సెప్టెంబర్‌లోనే జరిగాయి. 30న పి.వి. నరసింహారావు ప్రమాణం చేశారు. శాసనసభ్యుల్లో మెజారిటీ చేతిలో ఉండగానే ముఖ్యమంత్రి దిగిపోవాల్సి రావడం అప్పటికి కొత్త. తర్వాత పదేళ్లలో అది మామూలైపోయింది.

ఢిల్లీలో ఆ రాత్రి

రాష్ట్రం వదిలిన తర్వాత ఆరో ఆర్థిక సంఘం అధ్యక్షుడిగా చేశారు. ఆ సంఘం సిఫారసులు 1974 నుంచి 1979 వరకు కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని నిర్ణయించాయి. ఆర్థిక మంత్రిగా పండిపోయిన మనిషికి తగిన పని. దాని గురించి ఎవరూ చెప్పుకోకపోవడం బాధాకరం. 1974లో కేంద్ర మంత్రివర్గంలోకి వెళ్లి, మొదట కమ్యూనికేషన్స్, అదే ఏడాది అక్టోబర్‌లో హోం శాఖ తీసుకున్నారు.

1975 జూన్ 25 రాత్రి ఏం జరిగిందన్నది, ఎమర్జెన్సీ అక్రమాల మీద తర్వాత విచారణ జరిపిన షా కమిషన్ రికార్డులో ఉంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో ప్రధాని ఇంటికి పిలుపు వచ్చింది. శాంతిభద్రతలు దిగజారాయి కాబట్టి అంతర్గత ఎమర్జెన్సీ పెట్టాలని ఇందిర చెప్పారు. 1971 యుద్ధకాలంలో పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా అమల్లోనే ఉందని, ఆ అధికారాలతోనే పరిస్థితిని అదుపు చేయవచ్చని బ్రహ్మానందరెడ్డి అన్నారు. ఆ సంగతి చూశాం, అది చాలదని ఆమె జవాబు. అయితే మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండని ఆయన వచ్చేశారు. తర్వాత రాష్ట్రపతికి వెళ్లే లేఖ మీద సంతకం పెట్టారు. హోం శాఖ కార్యదర్శికి ఆ సంగతి తెలియదు. మంత్రివర్గానికి మర్నాడు ఉదయం ఆరు గంటలకు చెప్పారు.

ఆ రాత్రి ఆయన అడిగిన ప్రశ్న సరైనది. చట్టం తెలిసిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. అభ్యంతరం ఉందని తెలిసి, చెప్పి, ఆ తర్వాత సంతకం పెట్టడం అసలేమీ తెలియకుండా పెట్టడం కంటే బరువైన తప్పు. దేశమంతా వేలమందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టిన కాలంలో హోంమంత్రి పేరు ఆయనది. ఆ శాఖలో అసలు చక్రం తిప్పింది సహాయమంత్రి ఓం మెహతా అని ఆనాటి వాళ్లంతా చెబుతారు. అది నిజమే అయినా, రాజీనామా చేసి బయటికి రావచ్చు కదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

రాజీనామా ఎందుకు చేయలేదన్నదానికి జవాబు ఆయన పెరిగిన రాజకీయంలో దొరుకుతుంది. గుంటూరు జిల్లా బోర్డు కాలం నుంచి ఆయనకు తెలిసింది ఒకటే, పదవిలో ఉంటే ఏదో ఒకరోజు సరిదిద్దుకోవచ్చు, బయటికి పోతే ఏమీ మిగలదు. ఢిల్లీలో ఆయన వెనుక సమితి ప్రెసిడెంట్లు లేరు, ఒక్క ఓటు కూడా ఆయన చేతిలో లేదు. ప్రధాని ఇచ్చిన పదవి తప్ప ఆయన దగ్గర ఏ బలమూ లేదు. హైదరాబాద్‌లో ఎవరితో ఏం బేరం పెట్టాలో తెలిసిన మనిషి ఢిల్లీలో బేరం పెట్టడానికి ఏమీ లేక నిలబడ్డారు.

1977లో ఆ బలం అనుకోకుండా తిరిగి వచ్చింది. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోగా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 గెలిచింది. నంద్యాల ఒక్కటే సంజీవరెడ్డి జనతా తరఫున గెలుచుకున్నారు. దేశం మొత్తం మీద 154 మంది ఎంపీలు మిగిలిన పార్టీలో నాలుగో వంతు కంటే ఎక్కువమంది మన రాష్ట్రంవాళ్లే. నరసరావుపేట నుంచి గెలిచిన బ్రహ్మానందరెడ్డి మే నెలలో పార్టీ అధ్యక్ష ఎన్నికలో సిద్ధార్థ శంకర్ రేను ఓడించి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. మళ్లీ మనుషులు, ఓట్లు, కమిటీలు. ఆయనకు తెలిసిన ఆట. కార్యవర్గంలో మెజారిటీ తనవైపు ఉంది. షా కమిషన్ ముందు ఆ రాత్రి సంగతి చెప్పారు. ఇందిర వర్గం వేరే సమావేశం పెట్టుకుని ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకోగానే, 1978 జనవరిలో ఆమెను పార్టీ నుంచి బహిష్కరించారు. కమిటీల లెక్క ప్రకారం చూస్తే ఆ నిర్ణయంలో తప్పులేదు.

రెండు నెలలైనా తిరక్కుండా, ఫిబ్రవరిలోనే రాష్ట్ర ఎన్నికలొచ్చాయి. ఇందిర దగ్గర ఆఫీసు లేదు, పాత ఆవు-దూడ గుర్తు లేదు. కొత్తగా హస్తం గుర్తు తీసుకున్నారు. ఆ గుర్తు ఖరారు చేయడానికి ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆమె ప్రచారంలో విజయవాడలో ఉన్నారని కాంగ్రెస్ పాతవాళ్లు చెబుతుంటారు. బ్రహ్మానందరెడ్డి వైపు అధికారంలో ఉన్న ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, జిల్లా పరిషత్తులు, సమితులు, సహకార బ్యాంకులు అన్నీ ఉన్నాయి. ఇందిర వైపు ఉన్నది చెన్నారెడ్డి. 1969లో బ్రహ్మానందరెడ్డిని కుదిపేసిన ఆ చెన్నారెడ్డే.

ఫలితం ఇందిర కాంగ్రెస్‌కు 175, జనతాకు 60, బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్‌కు 30. సమితి ప్రెసిడెంటు ఒకవైపు చెబితే ఊళ్లో కూలీలు, దళితులు, ఆడవాళ్లు ఇంకోవైపు ఓటేశారు. ఎమర్జెన్సీ కాలంలో ఇందిర ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమం కింద ఇళ్లస్థలాలు, అప్పుల మాఫీ, పంచిన భూములు వాళ్లకు గుర్తున్నాయి. అవి ఇచ్చింది ఇందిరమ్మ అని వాళ్ల నమ్మకం, మధ్యలో ఉన్న రెడ్డిగారో చౌదరిగారో కాదు. టీచరు బదిలీ, రోడ్డు కాంట్రాక్టు చేతిలో ఉన్నవాడికి ఊరి ఓటు చేతిలో ఉంటుందన్న లెక్క ఆ ఒక్క ఎన్నికతో కొట్టుకుపోయింది.

బ్రహ్మానందరెడ్డి అధ్యక్ష పదవి వదిలేశారు, స్వరణ్ సింగ్ వచ్చారు. 1980 నాటికి ఆయన తిరిగి ఇందిర కాంగ్రెస్‌లో చేరి నరసరావుపేట నుంచి గెలిచారు. దీనికి అవకాశవాదం అని పేరు పెట్టేవాళ్లకు ఎదురు చెప్పడం కష్టం. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆయన వర్గంలోనివాళ్లు గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా అప్పటికే ఒక్కొక్కరుగా అటు వెళ్లిపోయారు. మనుషులు ఎటుంటే తానూ అటే ఉండాలన్నది ఆయన మొదటి నుంచీ పాటించిన పద్ధతి.

1983లో ఎన్.టి. రామారావు వచ్చాక పాత ఏర్పాటు మిగలలేదు. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. 1986 చట్టంతో పంచాయతీ సమితులు రద్దై మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ చైర్మన్లను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది, 1988 ఫిబ్రవరిలో, బ్రహ్మానందరెడ్డి మహారాష్ట్ర గవర్నరుగా బొంబాయి వెళ్లారు. రెండేళ్లకు అక్కడి నుంచి తిరిగొచ్చారు. 1994 మే 20న చనిపోయారు. నరసరావుపేట ఇప్పుడు గుంటూరు జిల్లాలో లేదు, 2022 నుంచి పల్నాడు జిల్లా కేంద్రం. కాసు కుటుంబం నుంచి కృష్ణారెడ్డి ఎంపీగా, మంత్రిగా చేశారు. మహేష్‌రెడ్డి 2019లో గురజాలలో గెలిచారు, 2024లో ఓడిపోయారు.